ఆముదం, పొడి మందు, ద్రాక్షరసం

దొడ్డికి పోయే ముచ్చట రాయడానికి సిగ్గుపడేవాళ్లు ఉంటారు. నేను పడను. మా బాపు ఆ సిగ్గుతోనే చచ్చిపోయాడు.

నెత్తురు పడుతోందని ఆయన ఎవరికీ చెప్పలేదు. పంచెలు ఉతికే మా అవ్వకు, అంటే అమ్మకు, తెలిసింది గానీ ఆమె కూడా మొలలే అనుకుంది. పక్క ఊళ్లో ఎవరో పసరు పోస్తారంటే పోయించారు. కారం మానెయ్యమంటే మానేశాడు. వరికోతలు అయ్యాక దవాఖానకు పోదాం అన్నాడు. చివరికి పట్నం తీసుకుపోయేసరికి పెద్దపేగులో పుట్టిన గడ్డ కాలేయం దాకా పాకింది. డాక్టర్లు ఆపరేషన్ మాట కూడా ఎత్తలేదు. అప్పటి నుంచి ఎవరైనా "మొలలే, ఏం గాదు" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

అందుకే మా వదిన ఫోన్ చేసి, "మీ అన్నకు గుడ నెత్తురు వడుతున్నదంట. నాకు గియ్యాల్నే చెప్పిండు" అన్నప్పుడు, పనిలో ఉన్నానన్న సోయి లేకుండా కేక పెట్టాను. చందనవెల్లిలో ఒక కంపెనీలో తయారైన సరుకు చూసి పాస్ చేయడం నా ఉద్యోగం. వెంట్రుక మందం గీత కనపడినా ఆ ముక్కను పక్కన పడేస్తాను. ఆ రోజు నా కళ్ల ముందు నుంచి ఏమేం పోయాయో నాకు తెలియదు.

నేను పెళ్లయ్యాక మొయినాబాద్‌లో ఉంటున్నాను. అన్న, వదిన, అవ్వ ఆలూరులో ఉంటారు. బాపు పొలంలోనే అన్న చామంతి, బంతి, టమాట పండించి చేవెళ్లకు పట్టుకుపోతాడు. డ్యూటీ దిగి ఇంటికి పోకుండా అటు నుంచి అటే ఆలూరు పోయాను. అన్న అరుగు మీద కూర్చుని పూల సంచుల మూతులు కడుతున్నాడు.

"ఎన్ని రోజుల సంది?" అన్నాను చెప్పులు కూడా విడవకుండా.

"ఏందే?"

"ఏందే గాదు. నెత్తురు ఎన్ని రోజుల సంది వడుతున్నది?"

అన్న ఆముదం తాగిన మొహం పెట్టి వదిన వైపు చూశాడు. "దీని నోట్ల నువ్వుగింజ నానది. మొలలు చెల్లె, ఎండల కూసుంటే గట్లయితది. నువ్వు ఫికర్ చెయ్యకు."

మొలలు! అదే మాట. అదే అరుగు. "బాపు గుడ గిదే అన్నడు" అన్నాను. అన్న చేతిలోని సంచి మూతిని కట్టకుండానే వదిలేశాడు.

మర్నాడే మొయినాబాద్‌లో మా ఇంటికి దగ్గరున్న పెద్ద దవాఖానకు లాక్కుపోయాను. డాక్టరు సారు అన్న చెప్పింది విన్నాడు, బాపు సంగతి విన్నాడు, చేతిలో పెన్ను కింద పెట్టాడు. "కొలనోస్కోపీ చేయాలి. కింది నుంచి కెమెరా పంపి పెద్దపేగంతా చూస్తాం. గడ్డ గానీ ఉంటే తెలిసిపోతుంది. కానీ పేగు ఖాళీగా ఉండాలి" అన్నాడు. ఏదో పొడి మందు రాశాడు. నీళ్లలో కలిపి సగం ముందు రోజు సాయంత్రం, మిగతా సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగాలట. ముందు రోజంతా అన్నం, రొట్టె ఏదీ ముట్టకూడదట. నీళ్లు, కొబ్బరినీళ్లు, వడగట్టిన పండ్ల రసాలు మాత్రం తాగొచ్చట. నర్సు ఇంకా ఏవేవో చెప్పింది. మేం తలలు ఊపాం. మా చెవులు 'గడ్డ' అన్న మాట దగ్గరే ఆగిపోయాయి.

మొదటిసారి పరీక్షకు ముందు రోజు నాకు సెలవు దొరకలేదు. ఇంట్లో అవ్వ రాజ్యం నడిచింది.

అవ్వకు ఆముదం అంటే మందు కాదు, ఇంటి పద్ధతి. మా చిన్నప్పుడు ఏటా తొలకరికి ముందు నన్నూ అన్ననూ వరసగా కూర్చోబెట్టి, వేడి చాయ్‌లో ఆముదం పోసి ముక్కు మూసి తాపేది. ఆ పూటంతా కడుపు పిండినట్టు నొప్పి, పెరట్లోకి పరుగులు. భేదులు తగ్గాయనగానే వేడన్నంలో టమాట పులుసు పోసి పెట్టేది. పులుసన్నం తింటే కడుపు కట్టేస్తుందని ఆమె నమ్మకం. నిజం చెప్పాలంటే ఆ పులుసన్నం కోసమే మేం ఆముదం తాగేవాళ్లం. అంత రుచి నేను మళ్లీ ఎరగను.

పరీక్ష నాడు నేను దవాఖాన దగ్గర అన్నను కలిశాను. "మంచిగ తాగినవా?" అంటే "తాగిన" అన్నాడు. ఏం తాగాడో అడగాలని నాకు తోచలేదు. ఎవరికి తోస్తుంది? లోపలికి తీసుకుపోయిన కాసేపటికే డాక్టరు సారు బయటికి వచ్చాడు.

"అమ్మా, మీ అన్నయ్య ఏం తిన్నాడు?"

"ఏం తినలే సార్. పొడి మందు తాగిండు."

"లోపల టమాట గింజలు కనిపిస్తున్నాయి. పేగు గోడ మాత్రం కనిపించట్లేదు. పరీక్ష ఆపేశాను."

అంత పెద్ద దవాఖానలో, అంత పెద్ద మిషన్ పెట్టి, మా ఇంటి టమాట గింజలు చూసి వచ్చాం! ప్యాకెట్లు విప్పకుండా గూట్లో అట్లాగే ఉన్నాయని, అవ్వ ఆముదం తాపి ఆనక పులుసన్నం పెట్టిందని అన్న నేల చూపులు చూస్తూ ఒప్పుకున్నాడు. డాక్టరు సారు తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆముదం పేగును మెలిపెట్టి ఉన్నదాన్ని కొంత తోస్తుంది గానీ కడగదని, పొడి మందు నీళ్లను ఒంటికి పట్టనివ్వకుండా తనతో పాటు కింది దాకా తెచ్చి పేగును కడుగుతుందని చెప్పాడు. కొద్దిగా తాగితే చాలే చిన్న సీసా మందు కూడా ఉందట. అన్నకు బీపీ ఉంది, కిడ్నీలు కూడా కొంచెం బలహీనం, అందుకని వద్దన్నాడు.

"ఏ మందైనా ఒకటే గుర్తు. పొద్దున తాగే సగం మానకూడదు. చివరికి వచ్చే నీళ్లలోంచి అడుగు కనపడాలి."

ఇంటికి వచ్చాక నేను అవ్వతో చేసిన లొల్లి వాడంతా విన్నది. అవ్వ తగ్గలేదు. "ఆముదం తాగి పెరిగినోల్లే మీరు. గా పొడి ఎవడు జేసిండో, అండ్ల ఏం గలిపిండో నీకెర్కనా?" అంది. "అవ్వా, ఈసారి పొయ్యికాడికి వోయినవంటే సూడు" అన్నాను.

రెండోసారి సోమవారం రమ్మన్నారు. ఆదివారం పొద్దున్నే నేనే ఆలూరులో దిగాను. అది నెలలో మొదటి ఆదివారం. మా చర్చిలో ప్రభువు బల్ల, అంటే అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన, ఉండే రోజు. ఆ బల్లకు కావలసిన ద్రాక్షరసం కాచేది మా అవ్వే. నల్లద్రాక్ష తొక్కతో సహా ఉడికించి, చక్కెర వేసి, సన్నటి గుడ్డలో వడగట్టి, సీసాలకు పోసి పట్టుకుపోతుంది. మరొకరిని ఆ పనికి రానివ్వదు. ఆ రోజు అన్న ఏమీ తినకుండా నీరసంగా మంచం పట్టుకుని ఉండటంతో చర్చికి రాలేకపోయాడు. "పానం మంచిగ లేనప్పుడే బల్ల దక్కకపాయె కొడుక్కు" అని అవ్వ తోవంతా గొణుగుతూనే ఉంది.

సాయంత్రం నేనే పొడి కలిపాను. అన్న మొదటి గ్లాసు తాగి "ఏందే ఇది, ఉప్పేసిన గంజిల నిమ్మకాయ విండినట్టున్నది" అన్నాడు. ఆముదమైతే ఒక్క గుక్కతో పోయేది, ఇది తాగుతూనే ఉండాలి. కానీ కడుపులో నొప్పి లేదన్నాడు. పెరట్లోకి పోయి వచ్చిన ప్రతిసారీ "రంగేంది?" అని అరిచేదాన్ని. "పచ్చగ." "ఇప్పుడు?" "జర పల్చగ." వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. జగ్గు ఖాళీ అయ్యాక నేనూ వదినా వాకిట్లో మర్నాటి పూల సంచులు సర్దుతూ కూర్చున్నాం. అన్న అవ్వ దగ్గర మంచం మీద ఉన్నాడు. సగం గండం గడిచిందనుకున్నాను.

ఆ తర్వాత పెరట్లోకి పోయిన అన్న ఎంతకూ రాలేదు.

"చెల్లె." గొంతు వేరేగా ఉంది. "నువ్వొక్కదానివే రా."

పోయాను. బల్బు వెలుతురులో, దొడ్డికి కూర్చునే తెల్లటి పింగాణీ పలక నిండా ఎర్రగా ఉంది.

గోడ పట్టుకున్నాను. బాపు పంచెలు గుర్తుకొచ్చాయి, రాతి మీద అవ్వ వాటిని బాదిన చప్పుడు గుర్తుకొచ్చింది. అయిపోయింది అనుకున్నాను. ఇంత నెత్తురు పోతుంటే ఇంకేం మిగిలి ఉంటుంది?

అన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఏడవలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "సూసినవ్ గదా. ఇగ రేపు వోవుడెందుకు? కెమెరా ఏం జెప్తది, ఇదే జెప్పె" అన్నాడు. "మీ వదినకు జెప్పకు. చామంతి కోతలయినంక నేనే చెప్త" అన్నాడు.

"చామంతి కోతలయినంకనా?" నా అరుపు నాకే కొత్తగా వినిపించింది. "బాపు వరికోతలయినంక అన్నడు! మీ ఇద్దరి నోర్లు పాడువడ! కోతలు మిమ్ముల సాకుతయారా? సాకినయా బాపును?" అన్నను నేను ఎన్నడూ రా అనలేదు. ఆ రోజు అన్నాను.

నా అరుపుకు అవ్వ పరుగెత్తుకొచ్చింది. చేతిలో స్టీలు గ్లాసు.

"ఏమైంది బిడ్డా? నీరసమొచ్చిందా? ఇగో, ఇంకో గ్లాసు తాగు, నిమ్మలమైతది" అని అన్నకు అందించింది.

ఆ గ్లాసులోకి చూశాను. దొడ్డి పలకలో ఉన్న రంగే. లాక్కుని నోట్లో పోసుకున్నాను. తియ్యగా ఉంది.

"అవ్వా, గిదేంది?"

"ద్రాక్షరసమే. బల్లకు కాసింది మిగిలింది. వడగట్టిన రసాలు తాగొచ్చని మీ డాక్టరే అనె గదా? సన్నగుడ్డల మల్ల మల్ల వడగట్టి తాపుతున్న మాపటి సంది. బల్లకు రాకపాయె, గిట్లన్న దక్కుతదని."

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు, రెండూ ఒక్కసారే వచ్చాయి. అన్న కాసేపు అర్థంకాక చూసి, అర్థమయ్యాక "అవ్వా! సంపినవ్ గదనే నన్ను!" అని గోడను గుద్దాడు. వదిన వచ్చి ఏమైందని అడిగితే చెప్పేవాడు లేడు. అవ్వ మాత్రం నవ్వలేదు. పలకలోకి ఒకసారి చూసింది. బాపు పంచెలు ఉతికింది ఆ చేతులే కదా, ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. "నా చేతులతోని నీకు గది చూపెట్టిన్నా కొడుకా" అంది. లోపలికి పోయి, ఒక్క చుక్క కూడా వృథా చేయని మనిషి, సీసాలో మిగిలిందంతా మోరీలో పారబోసింది.

దవాఖానకు ఫోన్ చేస్తే నర్సు నాకు గడ్డి పెట్టింది. ఎరుపు, ఊదా రంగు ఉన్నవేవీ తాగొద్దని ముందే చెప్పాం కదా అంది. చెప్పే ఉంటుంది. ఇక నీళ్లు మాత్రమే తాపమని, తెల్లవారుజామున మిగతా సగం మందు వదలకుండా తాపి, తేటగా వస్తేనే తీసుకురమ్మని చెప్పింది. పొద్దున అన్న చివరిసారి పోయి వచ్చాక నేనే పోయి వంగి చూశాను. లేత పసుపు నీళ్లు, అడుగు తేటగా కనపడుతోంది. కంపెనీలో సరుకు పాస్ చేసినట్టు పాస్ చేసి బండి ఎక్కించాను.

పరీక్షలో ఏమీ లేదు. గడ్డ లేదు, పుండు లేదు. ఉన్నవి మొలలే! అన్న మత్తులోనే పళ్లన్నీ బయటపెట్టి, "నేననలేదా చెల్లె, మొలలని? అన్ననా లేదా?" అని అదే పాట పాడాడు. నేను కళ్లు తుడుచుకుంటూ "సరే అన్నా, సరే" అన్నాను. మొలలు అన్న మాటను నేను ప్రేమించిన రోజు అదొక్కటే.

బయటికి వస్తుంటే డాక్టరు సారు నన్ను ఆపాడు. "మీ అన్నయ్య పరీక్ష అయిపోయింది. మరి మీరెప్పుడు?"

"నేనా? నాకెందుకు సార్? నాకేం బాధ లేదు. నెత్తురు లేదు, నొప్పి లేదు."

"మీ నాన్నగారికి వచ్చింది కదా?"

"బాపుకొస్తే అన్నకు రావాలె గదా సార్."

ఈ మాట అన్నాక ఆయన నన్ను వింతగా చూశాడు. నాకు మాత్రం అందులో వింత ఏమీ కనపడలేదు. మా ఇళ్లలో బాపుది ఏదైనా కొడుక్కే పోతుంది. పొలం అన్నకే వచ్చింది. బావి, అరుగు, బాపు ముక్కు, బాపు మొండితనం, అన్నీ అన్నకే. నేను పొలంలో వాటా వద్దని సంతకం పెట్టి, వాళ్లు పెట్టిన పసుపు చీర కట్టుకుని వచ్చేశాను, నాకు ఏ బాధా లేకపోయింది కూడా. రోగం కూడా ఆ లెక్కనే పోతుందని, ఇన్నేళ్లూ, ఎవరూ చెప్పకుండానే నమ్మాను. ఆడబిడ్డకు అందులో కూడా వాటా ఉంటుందని నా బుద్ధికి అందలేదు.

"మీరూ ఆయన కూతురే కదమ్మా" అన్నాడు డాక్టరు సారు.

ఇంట్లో అందరినీ ఎడాపెడా తిట్టినదాన్ని, ఇప్పుడు నేను తప్పించుకుంటే వదిన ముందు మొహం చెల్లదు. ఆ ఒక్క కారణానికే ఒప్పుకున్నాను. నాకు బీపీ, కిడ్నీ గొడవ ఏదీ లేదు కాబట్టి చిన్న సీసా మందు ఇచ్చారు. అన్న తాగిన జగ్గుల కన్నా ఇదే నయం అనుకున్నాను. రుచి చూశాక తెలిసింది. ఉప్పు, పులుపు, చేదు కలిసి గొంతు పట్టేసింది, కక్కు వచ్చినంత పనయింది, పైగా దాని వెంట నీళ్లు ఎట్లాగూ బిందెడు తాగాల్సిందే. ఆముదం మెలిపెడుతుంది, పొడి మందు పొట్ట ఉబ్బిస్తుంది, సీసా మందు నోరు పాడుచేస్తుంది. పరుగులు మాత్రం మూడింటికీ ఒకటే. మా అన్న ఫోన్ చేసి "రంగేంది చెల్లె?" అని అరిచి అరిచి నా మీద కసి తీర్చుకున్నాడు.

పరీక్షకు నాకు కొద్దిపాటి మత్తే ఇచ్చారు. పక్కనున్న తెర కనిపిస్తూనే ఉంది. లోపల గులాబీరంగు గోడలు, తేటగా, కడిగిన గచ్చులాగా. బాగా కడుక్కున్నారమ్మా అని డాక్టరు సారు మెచ్చుకున్నాడు. నేను గర్వపడ్డాను. తర్వాత ఒక మలుపు దగ్గర ఆయన మాట్లాడటం మానేశాడు. తెర మీద గోడకు అంటుకుని గడ్డలాగా ఏదో ఉంది. ఎర్రగా ఉంది.

"నేను ద్రాక్షరసం తాగలేదు సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. నర్సు నా చేయి పట్టుకుంది.

ముక్క తీసి పరీక్షకు పంపారు. బాపుకు వచ్చిందే. "పేగు దాటలేదు, ఆపరేషన్‌తో తీసేయవచ్చు, ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే నేను ఈ మాట చెప్పగలిగేవాణ్ని కాదు" అన్నాడు డాక్టరు సారు. మా ఆయన ఆ కాగితం తీసుకుని మళ్లీ మొదటి నుంచి చదివాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. అంతా అన్న కోసమే కదా వచ్చాం, ఇది నా దగ్గర ఎందుకుంది అని మాత్రం పదే పదే అనిపించింది. ఒక్క చుక్క నెత్తురు లేదు, ఒక్క పూట నొప్పి లేదు. వెంట్రుక మందం గీతను పట్టుకునే దాన్ని, నా కడుపులో ఇంత గడ్డను పెట్టుకుని రోజూ డ్యూటీకి పోయాను.

ఆపరేషన్‌కు ముందు పేగు మళ్లీ కడగాలన్నారు. ఈసారి పొడి మందు. ఆ సాయంత్రం అన్న, అవ్వ ఆలూరు నుంచి కొబ్బరిబోండాలతో మా ఇంట్లో దిగారు. అవ్వ వంటింటి గడప కూడా తొక్కలేదు. కొబ్బరినీళ్లు గాజుగ్లాసులో పోసి, బల్బుకు ఎదురుగా పట్టి చూసి, "తెల్లగనే ఉన్నయా, జర నువ్వు గుడ సూడు కొడుకా" అని అన్నకు ఇచ్చేది. అన్న చూసి నాకిచ్చేవాడు. పొడి కలిపింది కూడా అన్నే. ప్రతి గ్లాసూ నేను తాగేదాకా జగ్గు పట్టుకుని మంచం పక్కనే నిలబడ్డాడు.

సగం జగ్గు అయ్యాక అతను జగ్గు కింద పెట్టి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"బాపుదంత నాకే వచ్చింది చెల్లె" అన్నాడు. "పొలం నాకే వచ్చె, ఇల్లు నాకే వచ్చె. నువ్వు సంతకం వెట్టి నవ్వుకుంట వోయినవ్. గిది గుడ నాకే రావాలె గదనే. పెద్దోన్ని నేను. నీకెందుకొచ్చిందే?"

అందరినీ నోటికొచ్చినట్టు తిట్టే నాకు ఆ పూట ఒక్క తిట్టూ దొరకలేదు.

"బాపు నన్ను గుడ యాది వెట్టుకున్నడన్నా" అన్నాను. "ఏడువకు. గ్లాసు నింపు."